పేర్లు చెక్కిన వంతెన

అనగనగా ఒక అడవి. ఆ అడవి పక్కన ఒక వాగు, వాగు మధ్యలో ఒక దిబ్బ. అడవిలో ఒక కమిటీ కూడా వెలిసింది. అడవిలో కమిటీ ఏమిటని నవ్వకండర్రా. నలుగురు చేరిన చోట నీడ లేకపోవచ్చు, నీళ్ళు లేకపోవచ్చు, కమిటీ మాత్రం ఉండి తీరుతుంది.

ఆ దిబ్బ మీద వరాలు అనే కుందేలు కాపురం ఉండేది. అక్కడ ఒక రేలచెట్టు ఉంది, గరిక బాగా మొలుస్తుంది. తోడేళ్ళు అటు రావు. ఎండాకాలం వాగు సన్నబడినప్పుడు రాళ్ళ మీద గెంతుకుంటూ ఇవతలి ఒడ్డుకు వచ్చిపోవచ్చు. బాధంతా వానాకాలంతోనే. కొండల మీద వాన పడిందంటే వాగు ఒక్కసారిగా పొంగుతుంది. రాళ్ళు మునుగుతాయి. కాసేపటికి దిబ్బా మునుగుతుంది. కిందటేడు అలాగే పొంగి, వరాలు పిల్లల్లో ఒకదాన్ని ఎత్తుకుపోయింది.

ఈ ఏడు వరాలుకు మళ్ళీ మూడు పిల్లలు పుట్టాయి. వాటి చెవులు ఇంకా సరిగా నిలబడలేదు. వరాలు వాటిని చూస్తుంది, కొండల వైపు చూస్తుంది, మళ్ళీ వాటిని చూస్తుంది. తిండి సయించలేదు. చివరికి ఒకరోజు ఎలుగుబంటి భూషణం దగ్గరికి వెళ్ళింది.

"భూషణం బాబాయ్! వానలు రాకముందే వాగు మీద ఒక దుంగ అడ్డం పడాలి. దిబ్బ నుంచి ఒడ్డుకు. అదొక్కటీ ఉంటే వాగు పొంగినా పిల్లల్ని నోట కరుచుకుని దాటేస్తాను. ఈసారి కూడా పిల్లని పోగొట్టుకోలేను బాబాయ్," అంది.

భూషణం కళ్ళు చెమర్చాయి. అతను చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెబుతున్నాను. చెడ్డవాళ్ళు చేసిన పనైతే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు.

ఇద్దరూ కలిసి ఏనుగు దగ్గరికి వెళ్ళారు. ఏనుగు విని, గాలివానకు కూలిపోయి ఉన్న మద్దిమాను వైపు తొండం చూపించింది.

"ఆ మాను లాక్కొచ్చి అడ్డంగా వేస్తాను. నా మోకాలి ఎత్తు వెలగపండ్లు కుప్ప పొయ్యండి. కుప్ప చూశాకే మాను కదుపుతాను," అంది.

"అంతేనా?" అన్నాడు భూషణం.

"అంతే. మీటింగులకు మాత్రం నన్ను పిలవకండి," అంది ఏనుగు.

ఎంత కావాలో తెలిసింది. ఎందుకు కావాలో తెలిసింది. ఎప్పటిలోగా కావాలో తెలిసింది. తలా కాసిని పండ్లు తెచ్చి పోస్తే పని అయిపోయేది. అలా అయిపోతే మరి పెద్దలెందుకు?

ఆ సాయంత్రమే కమిటీ వేశారు. భూషణం అధ్యక్షుడు. నెమలి మాణిక్యం కార్యదర్శి. అతని గొంతు వినలేం గానీ, తోక విప్పితే ఎవరూ గొంతు పట్టించుకోరు. పండ్లకు కాపలాగా, కోశాధికారిగా అడవిపంది గవరయ్యను పెట్టారు. అతని కోరలు చూసి దొంగలు దగ్గరికి రారట. పండ్ల కుప్ప పక్కన పందిని కూర్చోబెట్టి, దొంగలు రారని ఊపిరి పీల్చుకున్న తెలివి అది.

"నన్ను కూడా కమిటీలో వెయ్యండి. ఆ వాగు సంగతి నాకు తెలుసు కదా," అంది వరాలు.

"నువ్వు లబ్ధిదారువమ్మా. లబ్ధిదారులు కమిటీలో ఉంటే చూసేవాళ్ళకు బాగుండదు," అన్నాడు మాణిక్యం.

వరాలు వాగు వైపు చూసింది. తర్వాత, "పోనీ ఒక పని చేస్తాను. ఇప్పుడు వాగు సన్నగానే ఉంది. పిల్లల్ని ఇప్పుడే ఇవతలికి తెచ్చుకుని ఏదో పొదలో తలదాచుకుంటాను. వంతెన వేశాక మళ్ళీ వెళతాను," అంది.

కమిటీ అంతా ఒక్కసారిగా ఉలిక్కిపడింది.

"ఇప్పుడే ఇవతలికి వచ్చేస్తే ఎలాగమ్మా? దాతలకు ఏం చూపించాలి? ఖాళీ దిబ్బ చూపిస్తే ఎవరు పండ్లిస్తారు?" అన్నాడు మాణిక్యం.

"వానలు పడేలోగా వంతెన పడుతుంది. నాదే పూచీ. నువ్వు నిశ్చింతగా అక్కడే ఉండు," అన్నాడు భూషణం.

వరాలుకు లోపల్లోపల పీకుతూనే ఉంది. కానీ పెద్దవాళ్ళు అంత గట్టిగా చెబుతుంటే కాదంటే ఏమనుకుంటారో అనుకుంది. "సరే," అంది. కథ మలుపు తిరిగింది అక్కడేనర్రా. ఆ ఒక్క సరే దగ్గర.

చందాలు మొదలయ్యాయి. మాణిక్యం రోజూ దాతలను వెంటబెట్టుకుని దిబ్బకు వచ్చేవాడు.

"ఏదమ్మా, ఒక పిల్లని ఇలా పైకి ఎత్తి చూపించు," అనేవాడు.

వరాలు చూపించేది. దుప్పులు, కోతులు, ముళ్ళపందులు అందరూ "అయ్యో పాపం" అనేవాళ్ళు.

ఒకసారి చిన్నపిల్ల కిచకిచమని నవ్వింది. మాణిక్యం మొహం చిట్లించాడు.

"అదేమిటమ్మా, నవ్వుతోంది?"

"పసిపిల్ల బాబూ. మీ తోక చూసి నవ్వింది."

"కొంచెం నేర్పించమ్మా. దాతలు వచ్చినప్పుడైనా నవ్వకుండా ఉండాలి. ఇంత మంది వచ్చేది మీకోసమే కదా!"

జనం మంచివాళ్ళే. ఇచ్చారు. కొండముచ్చుల గుంపు పెద్ద పైడమ్మ తన వాళ్ళందరి చేతా పండ్లు మోయించుకుని వచ్చింది. కుప్ప మీద పోసి, "ఇంకేమైనా చెయ్యాలా నాయనా?" అని అడిగింది.

"ఇంకేమీ వద్దు. పేరు చెప్పి వెళ్ళండి, చాలు," అన్నాడు మాణిక్యం.

కుప్ప పెరిగింది. ఏనుగు మోకాలి దాకా వచ్చేసింది. ఆ రోజే ఏనుగును పిలిచి ఉంటే బాగుండేది. పిలవలేదు. ఎందుకంటే కమిటీకి ఇంకా తేలని సంగతి ఒకటి ఉంది. దాతల పేర్లు ఎక్కడ వెయ్యాలి? ఎంత పెద్దగా వెయ్యాలి? ఎవరి పేరు ముందు వెయ్యాలి?

రోజూ సాయంత్రం మీటింగు పెట్టారు. మొదటి మీటింగులోనే గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఉత్త నోళ్ళతో ఎంతసేపని మాట్లాడతాం? తలా ఒక పండు తీసుకుంటే తప్పేమిటి? మనం ఊరికే తిరుగుతున్నామా?"

ఎవరూ తప్పనలేదు. మర్నాడు తలా కాసిని తిన్నారు. ఆ తర్వాత మీటింగుకు వచ్చినవాళ్ళకూ పెట్టారు. మీటింగులో పండ్లు పెడుతున్నారని తెలిసి, అంతకుముందు రానివాళ్ళు కూడా వంతెన మీద బోలెడు శ్రద్ధతో వచ్చారు.

వరాలు ఒడ్డుకు వచ్చి చూసింది. "గవరయ్య మామా, కుప్ప తగ్గిందేమిటి?" అంది.

"నిర్వహణ ఖర్చులమ్మా. నీకు అర్థం కావులే," అన్నాడు గవరయ్య. అతని గడ్డం మీంచి వెలగపండు గుజ్జు ఇంకా కారుతూనే ఉంది.

కొండల మీద మొదటి మబ్బు కనిపించాక గానీ వాళ్ళకు ఏనుగు గుర్తుకు రాలేదు. ఏనుగు వచ్చింది. కుప్ప పక్కన కాలు పెట్టి చూసుకుంది.

"ఇది నా మోకాలు కాదు. నా మడమ," అంది.

"చూసీ చూడనట్టు పోవాలి ఏనుగమ్మా. ఇది సేవ," అన్నాడు భూషణం.

"సేవ మీది. మోత నాది. మడమ ఎత్తు కుప్పకు మద్దిమాను లాగలేను. అదిగో, ఆ బూరుగు దుంగ తెచ్చి వేస్తాను. మెత్తటి కర్ర. కుందేళ్ళు, ముంగిసలు దాటడానికి పనికొస్తుంది. బరువున్నవాళ్ళు ఎవరూ ఎక్కకండి," అంది ఏనుగు.

అన్నట్టే తెచ్చి వేసింది. ఉన్న పండ్లు తినేసి వెళ్ళిపోయింది.

దుంగ పడగానే వరాలు పిల్లను నోట కరుచుకుని దిబ్బ మీంచి పరుగెత్తుకు వచ్చింది. ముందుకాలు దుంగ మీద పెట్టిందో లేదో, అవతలి చివర గవరయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగాగు! ప్రారంభోత్సవం కాందే ఎక్కడికి?"

వరాలు పిల్లను కింద దించింది. "మామా, మబ్బు చూడు. ముందు మమ్మల్ని దాటనివ్వండి. తర్వాత మీ ఇష్టం వచ్చినన్ని ఉత్సవాలు చేసుకోండి," అంది.

"అదెలా కుదురుతుంది? నువ్వే ముందు దాటేస్తే ముఖ్య అతిథి దాటేదేమిటి? పేర్లు కూడా చెక్కలేదు ఇంకా. పోమ్మా, పో. ఇన్నాళ్ళు ఆగినదానివి, ఇంకొన్నాళ్ళు ఆగలేవా?"

పేర్లు చెక్కడానికి వడ్రంగిపిట్టను పిలిచారు. పిట్ట దుంగ మీద రెండు దెబ్బలు కొట్టింది. మెత్తటి కర్ర. లోపల బోలెడు పురుగులు. ప్రాణం లేచొచ్చింది దానికి.

"ఎంత లోతుగా చెక్కమంటారు?" అని అడిగింది.

"ఎక్కువ ఇచ్చినవాళ్ళకు ఎక్కువ లోతు. న్యాయం న్యాయమే కదా," అన్నాడు మాణిక్యం.

ఉత్త పేర్లైతే సరిపోయేది. ఒట్టి పేరుతో ఎవరికి తృప్తి? ఒక ముళ్ళపంది తన పేరు కింద, పోయిన తాత పేరు వేయించింది, జ్ఞాపకార్థం అని. అది చూసి దుప్పి తన తాతనూ ముత్తాతనూ వేయించింది. ముత్తాత లేనివాళ్ళు అత్తవారి వైపు నుంచి తెచ్చుకున్నారు. కమిటీ వాళ్ళు పండు ముక్క ఇవ్వకపోయినా ముందు వరస వాళ్ళదే. నట్టనడుమ, అందరికంటే లోతుగా, "అధ్యక్షులు భూషణం గారు" అని చెక్కించారు. భూషణం మొహమాటపడ్డాడు. మొహమాటపడుతూనే, "ఆ 'గారు' కొంచెం పెద్దదిగా ఉంటే బాగుండునేమో," అన్నాడు.

వడ్రంగిపిట్ట పొద్దస్తమానం చెక్కింది, తింది, చెక్కింది. దుంగ బోలైపోతోందని దానికి తెలియకపోలేదు. కడుపు నిండుతున్నంతసేపు నోరు విప్పే పిట్టలు ఏ అడవిలోనూ తక్కువే.

ఇక మిగిలింది ముఖ్య అతిథి.

"పెద్దపులిగారిని పిలుద్దాం. వారు వస్తే ఆ హోదాయే వేరు," అన్నాడు మాణిక్యం.

ఒక దుప్పి భయం భయంగా అడిగింది. "వారు మనల్ని తింటారు కదా?"

"వేదిక మీద కూర్చున్నవాళ్ళను తినరు," అన్నాడు మాణిక్యం.

ఆ మాటతో వేదిక మీద చోటు కోసం జరిగిన తోపులాట ఇంతా అంతా కాదు.

పులిగారికి ఆ రోజు కుదరలేదు, ఈ రోజు కుదరలేదు. ఒకరోజు నిద్ర, ఒకరోజు వేట. దిబ్బ మీద వరాలు ఎదురుచూస్తూనే ఉంది. దుంగకు రెండు చివరలా పూలతీగలు కట్టేశారు. గవరయ్య కాపలా. కళ్ళెదుట వంతెన ఉంది, కాలు పెట్టడానికి వీల్లేదు. రాళ్ళ మీదుగా పోదామంటే, కొండల మీద చినుకులు పడి రాళ్ళు అప్పటికే మునిగిపోయాయి.

చివరికి ఒక మధ్యాహ్నం పులిగారు వచ్చారు. అడవంతా ఒడ్డున చేరింది. కొండముచ్చులు చెట్లెక్కి కూర్చున్నాయి. మాణిక్యం తోక విప్పి మొదలుపెట్టాడు.

"వేదికను అలంకరించిన పెద్దలకు, వేదిక కిందనున్న పిన్నలకు..."

కొండల వైపు ఉరిమింది. వాగు రంగు మారింది. ఎర్రటి నీళ్ళు, ఎండుకొమ్మలు కొట్టుకొస్తున్నాయి. దిబ్బ అంచున గరిక మునిగింది. వరాలు బొరియలోంచి మూడు పిల్లల్నీ బయటికి లాక్కుంది.

"బాబాయ్! నీళ్ళు వచ్చేస్తున్నాయి! మమ్మల్ని దాటనివ్వు!" అని అరిచింది.

భూషణం లేచాడు. "మాణిక్యం, కాస్త తొందరగా..." అన్నాడు.

"ఇంకా ఇద్దరు మాట్లాడాలండీ. అధ్యక్షోపన్యాసం కూడా ఉంది. అదొద్దంటారా?" అన్నాడు మాణిక్యం.

భూషణం దిబ్బ వైపు చూశాడు. చేతిలో పట్టుకున్న పూలదండ వైపు చూశాడు. మెల్లిగా కూర్చున్నాడు.

"బాబాయ్!" అంది వరాలు మళ్ళీ. ఈసారి ఆ గొంతు ఉపన్యాసంలో కలిసిపోయింది.

నీళ్ళు వరాలు కాళ్ళు తడిపేసరికి పులిగారికి విసుగొచ్చింది. ఉపన్యాసం ఆపమని గుర్రుమన్నారు. పూలతీగ తెంపారు. బరువున్నవాళ్ళు ఎక్కొద్దన్న ఏనుగు మాట ఎవరికైనా గుర్తుందో లేదో. గుర్తున్నా పులితో చెప్పేదెవరు? పులిగారు దుంగ మీద నడిచారు. అవతలి చివర ఒక కుందేలు, మూడు పిల్లలు ఎదురుగా నిలబడి ఉన్నాయి. పులిగారు నాలుక బయటపెట్టి మూతి తుడుచుకున్నారు.

"ఏర్పాట్లు బాగున్నాయయ్యా," అన్నారు వెనక్కి చూసి.

ఇంకో అడుగు వేశారు. అది సరిగ్గా 'గారు' మీద పడింది. దుంగ ఫెళ్ళున విరిగింది. పులిగారు నీళ్ళలో పడ్డారు. ఈదుకుంటూ దిగువన ఎక్కడో ఒడ్డెక్కి, ఒళ్ళు దులుపుకుని, "ఎవరురా కమిటీ?" అని గర్జించారు.

అంతసేపూ మేం కమిటీ, మేం కమిటీ అన్నవాళ్ళు ఒక్కరూ పలకలేదు. మాణిక్యం చెట్టెక్కాడు. గవరయ్య పొదలో దూరాడు. విరిగిన దుంగ రెండు ముక్కలై కొట్టుకుపోతోంది. దాతలు ఒడ్డు వెంట దాని వెనక పరుగెత్తుతున్నారు.

"నా పేరు! నా పేరు పోతోంది!"

"మా తాత! మా తాతను ఎవరైనా పట్టుకోండి!"

దిబ్బ మీద ఒక తల్లి, మూడు పసిగుడ్లు నిలబడి ఉన్నాయి. అటువైపు చూసేవాళ్ళే లేరు.

వరాలు ఇక బాబాయ్‌ని పిలవలేదు. చెట్ల మీదకి చూసి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"పైడమ్మక్కా! నా పిల్లలక్కా!"

పైడమ్మ ఆ మాట పూర్తిగా విననైనా వినలేదు. ఒడ్డున నేరేడుకొమ్మ మీంచి దిబ్బ మీది రేలచెట్టు మీదకి ఒక్క దూకు. వెనకే ముగ్గురు కొండముచ్చులు. తలా ఒక పిల్లను పొట్టకు హత్తుకున్నాయి. పైడమ్మ వరాలును చంకలో ఇరికించుకుంది. మళ్ళీ రేలచెట్టు, మళ్ళీ నేరేడుకొమ్మ. వాళ్ళు ఒడ్డున దిగేటప్పటికి దిబ్బ మీద రేలచెట్టు తప్ప ఏమీ కనబడలేదు.

వరాలు పిల్లల్ని ఒక్కొక్కటిగా మూతితో తడిమి చూసుకుంది. మూడూ ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని, "అక్కా, ఇంత తేలిగ్గా దాటించగలిగినదానివి, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?" అంది.

"నాకేం తెలుసే? మమ్మల్ని పండ్లడిగారు, ఇచ్చాం. ఇంకేమైనా చెయ్యాలా అని అడిగితే పేరు చెప్పి పొమ్మన్నారు. పిల్లల్ని మొయ్యాలని ఎవరైనా చెబితే గదా!" అంది పైడమ్మ.

వానలు తగ్గాక కమిటీ మళ్ళీ కూడింది. వంతెన లేకపోయినా కృతజ్ఞతాసభ జరపాలట. వరాలు వేదికెక్కి దాతలకూ కమిటీకీ నాలుగు మంచి మాటలు చెప్పాలట. వరాలు వచ్చింది. వేదిక ఎక్కలేదు. కిందే నిలబడి మాట్లాడింది.

"పండ్లిచ్చిన అందరికీ దండం. మీరిచ్చింది మద్దిమానుకు సరిపోయింది. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు, నేను చెబుతున్నాను. అందులో ఏనుగమ్మకు చేరనిదంతా గవరయ్య మామ పొట్టలోనూ, మీటింగుకు వచ్చిన అందరి పొట్టల్లోనూ ఉంది. భూషణం బాబాయ్, నువ్వు ఏడ్చావు చూడు మొదట్లో, అది నిజమే. కానీ నేను మునుగుతుంటే దండ పట్టుకుని కూర్చున్నావు. తప్పు నాదీ ఉంది. నా పిల్లల్ని తీసుకుపోతానని అన్నదాన్ని, నీ మాట మీద ఆగిపోయాను. ఇంకెప్పుడూ ఆగను."

భూషణం తల వంచుకున్నాడు. గవరయ్య మాత్రం పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "ఇవాళ పండ్లు లేవా?" అన్నాడు.

తర్వాతి ఎండాకాలం వరాలు ఎవరినీ కమిటీ వెయ్యమనలేదు. ముందుగా పిల్లల్ని ఒడ్డుకు చేర్చింది. తర్వాత ఏనుగును తీసుకొచ్చి మద్దిమాను దగ్గర నిలబెట్టింది.

"పండ్లు తెచ్చేవాళ్ళు తిన్నగా ఏనుగమ్మ ముందే పొయ్యండి. నా చేతికి వద్దు, ఎవరి చేతికీ వద్దు. పండ్లు లేనివాళ్ళు తీగలు లాగండి, రాళ్ళు సర్దండి," అంది.

ఒక దుప్పి పండ్లు పోసి అటూ ఇటూ చూసింది. "నా పేరు ఎవరికి చెప్పాలి?" అంది.

"నువ్వు తెచ్చావని ఏనుగమ్మ చూసింది కదా. తినేది ఆవిడే," అంది వరాలు.

కుప్ప మోకాలి దాకా వచ్చిన గంటకే మద్దిమాను వాగుకు అడ్డంగా పడింది. ఏనుగు ఇంకా పండ్లు నములుతూనే ఉంది. వరాలు పిల్లలు, ముంగిసలు, ముళ్ళపందులు అప్పుడే దుంగ ఎక్కేశారు. భూషణం ఒక పక్కన నిలబడి చూస్తున్నాడు. అతనూ తన వంతు పండ్లు మోసుకొచ్చాడు. ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది?

"అది కాదమ్మా వరాలూ, ఇంత పని జరిగింది. ఎవరైనా ఒక్క మాట మాట్లాడొద్దా?" అన్నాడు.

"మాట్లాడు బాబాయ్. మేం దాటుతూ వింటాం," అంది వరాలు.

నీతి: పదిమంది ఒక పని కోసం ఇచ్చింది ఆ పనికే పోవాలి. మధ్యలో మన ఆకలీ, మన పేరూ, మన పెద్దరికమూ అందులో చెయ్యి పెడితే, ఆపదలో ఉన్నవాళ్ళకు మిగిలేది మన ఉపన్యాసం ఒక్కటే.